తూర్పున మొలిచిన చెట్లు

ఫిబ్రవరి 4, మంగళవారం

వద్దనలేదు. ఒప్పుకున్నారని రాయలేను గానీ, వద్దని మాత్రం అనలేదు.

చర్చి కింది గదిలో బొంతల సంఘం కూడింది. ఆగస్టులో జరిగే కౌంటీ ప్రదర్శన పోటీకి అందరం కలిసి ఒకే పెద్ద బొంత కుట్టాలని, అమెరికాలోని యాభై రాష్ట్రాలకీ తలా ఒక చదరం ఉండాలని అనుకున్నాం. అక్కడిదాకా తగువు లేదు. వెల్డా తన పాత నమూనాల పుస్తకం తెరిచింది. నాకు తెలిసినప్పటినుంచీ సంఘానికి పెద్ద ఆవిడే. "ప్రతి రాష్ట్రానికీ అమ్మమ్మల నాటి చదరం ఒకటుంది. నక్షత్రాలు, చక్రాలు. అవే కుడదాం" అంది.

నేను లేచి నిలబడ్డాను. నేను లేచే మనిషిని కాను.

"అవి అందరూ కుట్టేశారు వెల్డా. మా అత్తగారు కుట్టింది, మీ అత్తగారు కుట్టింది. మనం చూసింది మనం కుడదాం."

"మనం చూసిందేముంది? గడ్డి."

"అయితే గడ్డే కుడదాం."

అందరూ నవ్వారు. కెండ్రా ఒక్కతే చప్పట్లు కొట్టింది. బడిలో బొమ్మలు నేర్పే పిల్ల, మొన్న కోతల ముందే సంఘంలో చేరింది. ఆ చప్పట్లు వెల్డాకి నచ్చలేదు.

"సరే ఆర్డిస్. ఏప్రిల్ మొదటి మంగళవారానికి యాభై బొమ్మలూ గీసుకుని రా. నాలుగు చదరాలు కుట్టి చూపించు. మూలలు కలవాలి. కలిస్తే నీ బొమ్మలు, లేకపోతే నా పుస్తకం."

మూలలు! తీర్పు చెప్పేవాళ్ళు అన్నిటికంటే ముందు చూసేది అదే, ముక్కల కొసలన్నీ ఒక్క బిందువు దగ్గర కలిశాయా లేదా అని. నేను కుట్టినదాంట్లో మూలలు కలవకపోవడం ఈ కౌంటీలో ఎవరూ చూసి ఉండరు.

కారులో దారిపొడుగునా పాడుకుంటూ వచ్చాను. పాట సగమే వచ్చు. ఆ సగాన్నే తిప్పి తిప్పి పాడాను.

ఫిబ్రవరి 5

పొద్దుటినుంచి గీస్తూనే ఉన్నాను. నాకు నేను పెట్టుకున్న నియమం: దేశపటంలో కనిపించే ఆకారం ఉండకూడదు. రాష్ట్ర పక్షి, రాష్ట్ర పువ్వు ఉండకూడదు. కారు అద్దంలోంచి ఒక్క చూపులో కనిపించేదే ఉండాలి. మూడు రంగుల బట్టకి మించకూడదు.

కాన్సాస్: అంతా ఆకాశమే. అడుగున సన్నటి గోధుమ రంగు చార. ఒక పక్కగా నిలువునా తెల్లటి పట్టీ, ధాన్యం నిలవచేసే గోపురం. అంతే. ఇంకేమీ లేదు. చూసి చూసి ముచ్చటేసింది.

వ్యోమింగ్: మంచుకి అడ్డం పెట్టే చెక్క కంచె, గాలికి వాలిపోయినట్టు వరసగా ఏటవాలు పట్టీలు.

కొలరాడో: కొండలు పెట్టను. ఇక్కడినుంచి పడమరగా వెళ్తుంటే, ఇంకా అంత దూరం ఉండగానే, మబ్బో కొండో తెలియని ఒక నీలపు గీత కనిపిస్తుంది. ఆ గీత.

ఎప్పుడో ఒకసారి చూసినవన్నీ కళ్ళముందుకి తోసుకొస్తున్నాయి. వంటకి ఆలస్యమైంది. మా ఆయన లీలాండ్ నిన్నటి చిల్లీ పులుసే వేడి చేసుకుని దాల్చినచెక్క తీపి రొట్టె నంజుకుంటూ తిన్నాడు.

ఫిబ్రవరి 6

లీలాండ్ కాఫీ సగం కప్పే పోశాడు. ఇంకొంచెం పొయ్యమంటే "అది తాగు, మళ్ళీ పోస్తా" అన్నాడు. ఆవుల్ని అమ్మేసిన దగ్గరనుంచి పిసినారి అయిపోయాడు.

ఫిబ్రవరి 12

ఐయోవా, రెండు డకోటాలు, ఓక్లహోమా, టెక్సాస్. దక్షిణ డకోటాకి ఉత్తర డకోటాకి తేడా ఎలా చూపించాలని మొన్నంతా కొట్టుకున్నాను. ఇవాళ గిన్నెలు కడుగుతుంటే తట్టింది. దక్షిణానికి బీడు మధ్యలో తారు రోడ్డు. ఉత్తరానికి అదే బీడు, అదే రోడ్డు, రోడ్డు మీద మాత్రం మంచు. చేతులు తుడుచుకోకుండానే పరుగెత్తుకెళ్ళి గీశాను. కాగితం తడిసింది.

క్లినిక్ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. మంచు తగ్గాక వస్తానన్నాను.

మంచు పెద్దగా లేదు.

ఫిబ్రవరి 17

బట్ట కోయడం మొదలుపెట్టాను. చక్రపు కత్తి స్కేలు వెంబడే పోకుండా మధ్యలో పక్కకి జరిగింది. పట్టీ ఒక కొస వెడల్పు, ఇంకో కొస సన్నం. అంచు మొద్దుబారిందేమో.

ఫిబ్రవరి 19

కొత్త చక్రం వేశాను. అదీ అంతే. ఈ బట్టే జారుడు బట్ట.

ఫిబ్రవరి 20

నూలు బట్ట తీశాను. చెయ్యి కాస్త వణికింది. చలి.

ఫిబ్రవరి 24

ఫ్లోరిడా రెండుసార్లు గీసి చించేశాను. నేను చూడలేదు. చూడనిదాన్ని గీస్తే పోస్టుకార్డులా వస్తుంది. చూసినవాళ్ళని అడగడమే దారి. ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. అందరినీ ఒకటే అడిగాను: అక్కడ కారు దిగగానే మొదట నీ కంట పడిందేమిటి? ఒక్కరైనా సముద్రం అనలేదు! ఒకావిడకి, కారు ఆపే మైదానంలో తారు మీద నీళ్ళు ఉన్నట్టే మెరిసిందట, దగ్గరికెళ్తే లేవట. ఫ్లోరిడా అయిపోయింది. బూడిద రంగు, దాని మీద మెరుపు పట్టీ.

కెండ్రా కాలేజీ రోజుల్లో ఒకసారి డెలావేర్ మీదుగా వెళ్ళిందట. "ఏం చూశావు?" అంటే, "నిద్రపోయానండీ. ఒక్కసారి మెలకువొస్తే వీధి దీపం పోతూ కనిపించింది. అంతే, దాటేశాం" అంది. నల్లటి చదరం, మూలగా ఒక్క పసుపు గీత. డెలావేర్ వాళ్ళు నన్ను క్షమించాలి. నాకు మాత్రం అన్నిట్లోకీ అదే నచ్చింది.

ఈ నెలలో ఉన్నంత సంతోషంగా ఎప్పుడున్నానో గుర్తులేదు.

మార్చి 1

నాలుగు కొసలు కలవాల్సిన చోట రెండే కలిశాయి. విప్పాను. మళ్ళీ కుట్టాను. విప్పాను.

మార్చి 2

కాగితం మీద కుట్టే పద్ధతి పట్టుకుంటాను. పలచటి కాగితం మీద బొమ్మ గీసి, వెనక బట్ట ముక్క ఉంచి, కాగితం వైపునుంచి గీత మీదే మిషను నడిపిస్తే చాలు. ముక్కలు తిన్నగా కోయాల్సిన పని లేదు, పెద్దవిగా చింపుకున్నా ఫరవాలేదు. అరచేతులు రెండూ మిషను బల్లకి ఆనించి ఉంటాయి. అలా ఆనించినప్పుడు చలి తెలియదు.

పైగా ఇది ఆధునికం. ఆధునికమైన బొమ్మలకి అదే తగిన పద్ధతి.

మార్చి 4, మంగళవారం

సంఘంలో వెల్డా అడిగింది, ఎంతవరకొచ్చావని. బ్రహ్మాండంగా సాగుతోందన్నాను. బొమ్మల వరకు అబద్ధం కాదు.

మార్చి 6

నెబ్రాస్కా కుట్టాను. మన రాష్ట్రం గనక అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది దీనికే. మొదట గుండ్రటి పొలాలు అనుకున్నాను, నీటి గొట్టం చక్రంలా తిరిగి తడిపేవి. కానీ అవి విమానంలోంచి చూసేవాళ్ళకి. అందుకని ఎండుగడ్డి రంగు నేల, మధ్యలో బుల్లి తెల్లటి ఇల్లు, పడమట, ఉత్తరాన ముదురాకుపచ్చ దేవదారు చెట్ల వరస. అంతే. మూలలన్నీ కలిశాయి! బిందువు బిందువుకి! భోజనాల బల్ల మీద పరిచి లీలాండ్‌ని పిలిచాను.

టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఈ ఇంట్లో ఎవరుంటారు?"

"ఎవరో ఒకరు. ఎందుకు?"

"పాపం, చలికి చచ్చిపోతారు."

"ఏం?"

"గాలికి అడ్డంగా చెట్లు తూర్పున నాటినవాణ్ణి ఇంతవరకు చూళ్ళేదు ఆర్డిస్. బయటూరివాడై ఉంటాడు."

చూశాను. చెట్లు కుడివైపున ఉన్నాయి. కాగితం మీద ఎడమవైపున గీశాను. బట్ట మీద కుడివైపుకి వచ్చాయి. కాగితం వెనక కుట్టేది ఎప్పుడూ అద్దంలోలా తిరగబడే వస్తుంది. అందుకే కుట్టేముందు బొమ్మని తిప్పి గీసుకోవాలి. కొత్తగా చేరిన వాళ్ళకి మొదటి రోజే ఈ మాట చెబుతాం. నేనే చెబుతాను.

నవ్వాను. నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. లీలాండ్ కూడా నవ్వాడు. "పడమటి గాలికి తలుపు తీసి రమ్మన్నట్టుంది" అన్నాడు. నవ్వి నవ్వి కూర్చున్నాక గుర్తొచ్చింది, యాభై బొమ్మలూ అలా గీసినవే.

మార్చి 7

మంచు తుఫాను. రోడ్లు మూసేశారు. కెండ్రా ఫోన్‌లో, "బడిలో యంత్రం ఉందండీ, ఒక్క మీట నొక్కితే అన్నీ తిప్పేస్తుంది" అంది. బడి ఎప్పుడు తెరుస్తారో తెలియదు. నేను ఆగలేను.

కిటికీ అద్దానికి కాగితం వెనక్కి తిప్పి అంటించాను. బయట అంతా తెలుపు, గీతలు బాగా కనిపించాయి. వాటి మీదే పెన్సిలు నడపడమే పని. నడవలేదు. తిన్నగా పోవాల్సిన గీత రంపంలా పళ్ళు పళ్ళుగా వచ్చింది. చెరిపి మళ్ళీ గీశాను. కిటికీ దగ్గర చలి ఎక్కువ.

లీలాండ్ వచ్చి వెనక నిలబడ్డాడు. జేబులోంచి వడ్రంగి పెన్సిలు తీసి, చిన్న కత్తితో చెక్కి, "జరుగు" అన్నాడు.

"నీకేం తెలుసు?"

"గీత మీద గీత గియ్యడమేగా? కంచెలు ఎన్ని మైళ్ళు వేశాననుకున్నావు?"

జరిగాను.

మార్చి 8

పొద్దుటినుంచి ఇద్దరం కిటికీ దగ్గరే. అతను గీస్తాడు, నేను కాగితాలు అందిస్తాను. పెళ్ళికి ముందు గోధుమ కోతల ముఠాతో టెక్సాస్‌లో మొదలుపెట్టి డకోటాల దాకా వెళ్ళిన మనిషి, కనుక ప్రతిదానికీ ఒక మాట.

ఓక్లహోమా ఎర్రమట్టి రంగు చూసి, "ఇది సరిగ్గా వచ్చింది. మా అమ్మ నా చొక్కాల్లోంచి ఈ రంగు వదిలించలేక చచ్చింది."

కాన్సాస్ చూసి, "ఇందులో నా టోపీ ఏది?"

"ఏ టోపీ?"

"ఈ గోపురం పక్కనే ఎగిరిపోయింది. ఇంకా ఎగురుతూనే ఉండుంటుంది."

హవాయికి మూడు నీలాలు, ఇంకేమీ లేవు. "నేలేదీ?" అన్నాడు.

"అంత దూరం నీళ్ళు చూడ్డానికేగా వెళ్తారు."

"మనం వెళ్దామా?"

"నీ బూట్లు వేసుకునా?"

రొట్టె, చల్లటి మాంసం నిలబడే తిన్నాం. ఆవులు పోయాక ఈ మనిషి వంటగదిలో అటూ ఇటూ తిరుగుతుంటే విసుగొచ్చేది. ఇవాళ మాత్రం బొమ్మలు అయిపోతాయేమోనని భయమేసింది.

మార్చి 15

యాభై బొమ్మలూ సిద్ధం. కాన్సాస్, వ్యోమింగ్, కొలరాడో, సరైన నెబ్రాస్కా కుట్టేశాను. మూలలన్నీ కలిశాయి. నేనే కుట్టాను. ఎవరడిగినా అదే చెబుతాను, నిజం కూడా అదే.

తప్పు నెబ్రాస్కాని విప్పబోతే లీలాండ్ ఇవ్వలేదు. కొట్టంలో మేకుకి తగిలించుకున్నాడు.

మార్చి 24

క్లినిక్ వాళ్ళు ఫోన్ చేశారు. సంఘం సమావేశం అయ్యాక అన్నాను. కాఫీ సగం కప్పు.

ఏప్రిల్ 1, మంగళవారం

అన్నీ వరసగా రాసుకోవాలి.

యాభై కాగితాలూ పొడవు బల్లల మీద పరిచాను. ఆడవాళ్ళందరూ చుట్టూ తిరిగి చూశారు. డెలావేర్ దగ్గర నవ్వులు. రెండు డకోటాల దగ్గర ఒకావిడ, "అయ్యో, ఇది మా పుట్టింటి దారే!" అని కాగితం మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది.

వెల్డా కళ్ళజోడు మార్చుకుని నాలుగు చదరాలూ చూసింది. మూలల్ని గోటితో తడిమింది. వెనక్కి తిప్పి కుట్టు కూడా చూసింది.

"కలిశాయి" అంది. ఆ ఒక్క మాట కోసం ఆవిడ ఎంత కష్టపడిందో అందరికీ కనిపించింది.

"మరి ఈ గీతలు నీవి కావే? ఇంత లావు పెన్సిలు నువ్వు వాడవు."

"లీలాండ్ తిప్పి గీశాడు. తీరిగ్గా ఉన్నాడు."

ఇంతలో కెండ్రా వచ్చి, సంతోషపు కంగారులో, నా చేతిలో కాఫీ కప్పు పెట్టింది. అంచుదాకా నిండుగా. తీసుకోకుండా ఉండలేకపోయాను.

బల్ల మీద పెట్టేలోపే అటూ ఇటూ ఊగిపోయింది. చేతి మీద, సంచీ మీద, కాన్సాస్ మీద. ఆకాశమంతా గోధుమరంగు మరక.

కెండ్రా ముఖం పాలిపోయింది. వెల్డా నా చేతిలోంచి కప్పు తీసుకుని పక్కన పెట్టి, తన చేతిరుమాలు కాన్సాస్ మీద అద్దింది.

"కాన్సాస్‌లో వాన పడింది. వాళ్ళకి కావలసిందే" అంది. ఆ తర్వాత నా వైపు తిరగకుండానే, "ఎప్పటినుంచి?"

"ఈ శీతాకాలం. చలికి."

"ఇక్కడ హీటరు మండుతోంది ఆర్డిస్. నాకు చెమటలు పోస్తున్నాయి."

నేను చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"చలి కాదు" అన్నాను. నా నోటితో మొదటిసారి అన్నాను. అనగానే, ఇక అందరూ నా బొమ్మల్ని జాలితో ఒప్పుకుంటారని భయం పట్టుకుంది. వెల్డాకి అది ఎలా తెలిసిందో గానీ, వెంటనే అంది:

"చూడు, చెయ్యి వణికిందని నీకు ఓటు వేస్తాననుకోకు. కాన్సాస్ నాకు వాన పడకముందు కూడా నచ్చలేదు. ఏముంది అందులో? ఖాళీ. డెలావేర్ అయితే అవమానం." నెబ్రాస్కాని దీపం కిందికి జరిపింది. "ఇది బాగుంది. చెట్లు ఉండాల్సిన చోట ఉన్నాయి." చెయ్యెత్తింది. "ఎవరెవరికి ఆర్డిస్ బొమ్మలు కావాలి?"

చేతులు లేచాయి. అన్నీ లేవలేదు. సరిపడా లేచాయి.

మిగిలిన రాష్ట్రాల పేర్లు, మరకపడ్డదాన్ని కూడా కలిపి, చీటీలు రాసి పిండి కలిపే గిన్నెలో వేసి తలా కొన్ని తీశాం. వెల్డా మొదటి చీటీ విప్పి చూసి మళ్ళీ మడిచేసింది.

"ఏమొచ్చింది?" అన్నాను.

"నోర్ముయ్" అంది. కాన్సాస్.

ఏప్రిల్ 2

క్లినిక్‌కి నేనే ఫోన్ చేశాను.

లీలాండ్‌ని అడిగాను, నీకెప్పుడు తెలుసని. "పోయినేడు క్రిస్మస్‌కి తెల్ల బల్లగుడ్డ పరిచావు. దాన్ని పాడుచేసుకుని నువ్వు ఏడవడం నాకిష్టం లేకపోయింది" అన్నాడు. కాఫీ అప్పటినుంచే సగం.

పిసినారి అని రాసింది కొట్టెయ్యను. ఉండనీ.

ఏప్రిల్ 9

వెళ్ళొచ్చాం. డాక్టరు చిన్నపిల్ల. వేళ్ళు ముక్కుకి తాకించమంది, గుండ్రటి చుట్టలు గియ్యమంది. నా చుట్ట చూసి లీలాండ్, "ఇది ఏ రాష్ట్రం?" అన్నాడు. ఆ పిల్లకి నవ్వాలో వద్దో తెలియలేదు.

ప్రాణానికేమీ కాదట. వణుకు పోదట కూడా. మందు ఇచ్చింది. కాస్త తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు.

ఇంటికొచ్చాక కప్పు నిండా పొయ్యమన్నాను. రెండు చేతులతో పట్టుకున్నాను. కొంచెం ఒలికింది. మిగతాదంతా తాగాను.

మే 20

చదరాలు వస్తున్నాయి! ఇవాళ టపాలో ఒకటి, చర్చిలో రెండు. నేను గీసినవి వేరేవాళ్ళ చేతుల్లో బట్ట అయి రావడం! అదే బొమ్మ, అయినా ఎవరిది వాళ్ళలాగే ఉంది. ఒకావిడ మెయిన్ రాష్ట్రానికి తన పెళ్ళినాటి కర్టెను వాడింది. వెల్డా కాన్సాస్ ఇంకా రాలేదు. రెండుసార్లు విప్పిందని విన్నాను.

జూన్ 11

కాన్సాస్ వచ్చింది. మూలలు కలవడం కాదు, కత్తితో కోసినట్టున్నాయి. గోపురం పక్కన, ఆకాశంలో, నేను గియ్యని చుక్క ఒకటుంది. కాఫీరంగు, గోరంత. ఇదేమిటని ఫోన్ చేస్తే, "లీలాండ్ టోపీ. చర్చిలో చెప్పాడు. మరీ ఖాళీగా ఉంటే నేను కుట్టలేను" అంది.

మూడు రంగులకి మించకూడదన్న నియమం పోయింది. పోనీ.

జూలై 16

బొంత పూర్తయింది. వెనకవైపు ఒక మూల, కుట్టినవాళ్ళ పేర్లు రాసే గుడ్డ ఒకటే మిగిలింది. మామూలుగా తెల్ల గుడ్డ వేస్తాం. లీలాండ్ కొట్టంలోంచి తప్పు నెబ్రాస్కా తెచ్చి బల్ల మీద పడేశాడు.

"ఇది వెయ్యి."

"తప్పుగా ఉన్నది ఎలా వేస్తాం?"

"ముందువైపు వేస్తే తప్పు. వెనక వేస్తే? మంచం మీద పరిచి చూడు."

ఆ చదరాన్ని వెనకవైపు గుండుసూదులతో గుచ్చి, తలగడ ఉత్తరానికి పెట్టి పరిచాం. కింద దూరి చూడమన్నాడు. ఈ వయసులో బొంత కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాను. పక్కన అతనూ దూరాడు, మోకాలు నొప్పి అని తిట్టుకుంటూ. కిటికీ వెలుతురు బట్టలోంచి దిగుతోంది. కింద పడుకున్నవాళ్ళకి కుడి ఎడమలు మారతాయి, కుడివైపు పడమర అవుతుంది. ఆ బుల్లి ఇల్లు, దాని పక్కన చెట్లు. కచ్చితంగా పడమట.

"ఇప్పుడు ఆ ఇంట్లో వాళ్ళు బతుకుతారు" అన్నాడు.

గడ్డి రంగు ఉన్న చోట అందరం పేర్లు రాశాం. నా పేరు రాసిపెడతానని కెండ్రా అంది. వద్దన్నాను. అక్షరాలు గాలికి వాలిన కంచెలా వచ్చాయి. ఎవరి పేరో తెలుస్తూనే ఉంది.